ఓడలో వచ్చిన ప్రథమ ఫలం

బీదరు ధాన్యం బజారు గాంధీ గంజ్‌లో ఏసప్ప మొయ్యని సరుకు లేదు. అతను అక్కడ హమాలీల ముకద్దం, అంటే ఒక గుంపుకు పెద్ద. పెద్ద అన్న మాటే గానీ కుర్చీలో కూర్చునే పెద్దరికం కాదు. లారీ వెనక తలుపు దించగానే మొదటి బస్తా అతని భుజం మీదికే రావాలి, ఆ తరవాతే మిగతావాళ్ళవి. యాభై దాటి చాలాకాలమైనా ఈ పట్టింపు మానలేదు. దాంతో కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారిపోయింది. చొక్కా కొలత తీసిన ప్రతిసారీ దర్జీ గొణుక్కుంటాడు. ఏసప్పకు మాత్రం ఆ వంకర చూసుకుంటే లోలోపల గర్వం.

ఆ భుజం తండ్రి సిలాసు ఇచ్చిన ఆస్తి. నిజాం పాలన పోయిన పోలీసు యాక్షనుకు ముందు సిలాసు ఊళ్ళో పటేలు ఇంటికి వెట్టి మోతలు మోసేవాడు. యాక్షన్ అయిపోయి ఊళ్ళు సర్దుకున్నాక బీదరు బజారుకు వచ్చి ఒక షావుకారు జొన్నల బస్తా మోస్తే, మోసినందుకు చేతిలో డబ్బులు పెట్టారు. సిలాసు ఆ రాత్రి నిద్రపోలేదట. ఆ షావుకారు ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని తెల్లవారకముందే వెళ్ళి దుకాణం మెట్ల మీద కూర్చున్నాడట. కొడుక్కి ఆయన నేర్పిన విద్య ఒకటే: "ఏ ఊరి బస్తా అని అడగకు బిడ్డా. మొయ్యమన్నరు, కూలిచ్చిన్రు. అంతే మన పని." ఏసప్ప ఆ మాట దాటకుండానే సగం జీవితం గడిపాడు. కష్టమంతా ఆ మిగతా సగంలోనే వచ్చింది.

భార్య ఎలీసబెతు పుట్టిల్లు హళ్ళిఖేడ్. ఆమె తమ్ముడు పీరప్పకు అక్కడ కాస్త నల్లరేగడి చేను ఉంది. చుట్టుపక్కల చెరకు వేసుకునేవాళ్ళకు బోర్లున్నాయి, పీరప్పకు లేదు. అందుకని కందులు వేస్తాడు. పేరు పీరప్పే అయినా బాప్తిస్మం పొందినవాడే. తాత మొక్కుకుని పెట్టిన పేరు తీసెయ్యడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు.

ఏటా కంది కోతలయ్యాక చర్చిలో కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. జొన్న కంకులు, శనగలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ ఒకచోటే. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక వాటిని బయట ఆవరణలో హర్రాజు వేస్తారు. దేవుడి సొమ్ము కదా, పాటకు హద్దు ఉండదు. ఒక్కో ఏడు గుమ్మడికాయ మేకపిల్ల ధర పలుకుతుంది.

పీరప్ప ఒక బస్తా కందులు, పైన ఎర్రరంగుతో సిలువ గుర్తు వేసి, చర్చి గేటు దాకా తెస్తాడు. గేటు నుంచి బలిపీఠం దాకా మోసేది ఏసప్ప. అతని పెళ్ళయిన ఏడు మొదలైన అలవాటు అది. ఏసప్పకు జానెడు భూమి లేదు. భూమి లేనివాడికి ప్రథమ ఫలం ఎక్కణ్ణుంచి వస్తుంది? బామ్మర్ది బస్తాతో నడిచే ఆ కాస్త దూరమే అతని పంట. ఏడాదంతా కూలికి మోస్తాడు, ఆ ఒక్కటీ దేవుడికి మోస్తాడు. దాన్ని దించి వెనక్కి తిరిగినప్పుడు అతని ముఖం చూస్తే, ఆ చేనంతా తనే దున్నాడేమో అనిపిస్తుంది.

హర్రాజులో ఆ బస్తా పాడేది ఎప్పుడూ విఠల్‌రావు సేటే. గంజ్‌లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడత్ దుకాణం, ఊరి బయట దాల్ మిల్లు ఉన్న కోమటి. పండరిపురం యాత్ర తప్పనివాడు. చర్చి ఆవరణలో కూడా చెప్పులు విప్పి కూర్చుంటాడు. బయట అక్కర్లేదు సేటూ అని ఎన్నేళ్ళుగా చెప్పినా వినడు. "మిల్లుకు పోయే మాల్ వేరు, మా ఇంట్ల తినే మాల్ వేరు" అంటూ పీరప్ప బస్తాను పంతం పట్టి పాడుకుంటాడు.

కందిపప్పు కిలో రెండు వందలు దాటిన ఏడు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు ఎలీసబెతు పప్పులో పుంటికూర కనిపించేది గానీ పప్పు కనిపించేది కాదు. పోనీ పీరప్ప బాగుపడ్డాడా అంటే, వాన లేక అతనికి ఆ ఏడు పంటే లేదు. పండుగ బస్తా నింపేసరికి గాదె అడుగు కనబడింది. అప్పుడు సర్కారు బయటి దేశాల కందులకు తలుపులు బార్లా తీసింది. ఆఫ్రికా కందులు, బర్మా కందులు ఓడల్లో బొంబాయికి, అక్కణ్ణుంచి లారీల్లో గంజ్‌కు వచ్చి పడ్డాయి.

మామూలుగా ఎండాకాలంలో గంజ్‌లో సరుకుండదు. హమాలీలు గోడ నీడన పులి-మేక ఆడుకుంటూ అప్పు పుట్టే ఇళ్ళు తలుచుకుంటూ ఉంటారు. ఆ ఏడు ఎండాకాలమంతా పనే. మిల్లు ఆగలేదు. ఎలీసబెతు పప్పు మళ్ళీ చిక్కబడింది. బస్తాల మీద ఏదో భాషలో అక్షరాలుంటే ఏసప్ప అవి ఎక్కడివని అడగనైనా లేదు, తండ్రి మాట ఉంది కదా.

దేశం తలుపులు ఎప్పుడూ తెరిచే ఉండాలని గంజ్‌లో అందరికంటే గట్టిగా వాదించేవాడు విఠల్‌రావు. "చౌక మాల్ యాడున్నా రానియ్యాలె. తినేటోడు బతుకొద్దా?" అనేవాడు. అదే సేటు, ఎక్కడో దూరాన ఆడించిన పప్పు మెరిసే ప్యాకెట్లలో బీదరు దుకాణాలకు దిగితే మాత్రం, "ఇట్లయితే మా మిల్లులు ఏం గావాలె? సర్కారుకు కండ్లు లేవా?" అని లేచేవాడు. కందులు రావాలి, పప్పు రాకూడదు. ఆయన్ని చూసి నవ్వేందుకూ లేదు. తాను కొనేదానికి తలుపు తియ్యమనీ, తాను అమ్మేదానికి గొళ్ళెం పెట్టమనీ అడగనివాడు ఈ కథలో ఒక్కడూ లేడు.

మరుసటి ఏడు వాన బాగా పడింది. పాత ధర కళ్ళముందు ఆడుతూ ఉంటే పీరప్ప తన చేనంతా కందులే వేశాడు, చాలక పక్కవాడి చేను కౌలుకు తీసుకున్నాడు. జిల్లా అంతా అదే పని చేసింది. పంట విరగపండింది. అటు ఓడలు రావడం ఆగలేదు. ధర ఎంత దిగజారిందంటే, కోసిన కూలీల ముఖం చూడ్డానికి పీరప్ప సిగ్గుపడ్డాడు. సర్కారు కొనే చోట ట్రాక్టర్ల బారు కదలనే కదలదు. పీరప్ప ఇంట్లో మంచం వేసుకునే చోటు లేక పిల్లలు బస్తాల మీదే పడుకున్నారు.

అప్పుడే రైతులు గంజ్ గేటు ముందు కూర్చున్నారు. గొడవేమీ లేదు. తువ్వాళ్ళు పరుచుకుని, బయటి కందులు లోపలికి పోనియ్యమని కూర్చున్నారు, అంతే. మన మాలు కూడా గంజ్‌కు తేవద్దని ఊళ్ళకు కబురు పెట్టారు. అయితే రెండు లారీలు వాళ్ళకంటే ముందే లోపలికి వచ్చి నిలబడి ఉన్నాయి. పీరప్ప లేచి లోపలికి వచ్చాడు.

"బావా, ఒక్క మాట. ఈ లారీలు దించకు."

"నేను దించకుంటె ఇంకోడు దించుతడు పీరప్పా."

"దించనీ. నీ భుజం మీద మాత్రం నేను చూడలేను."

ఏసప్ప తన గుంపు వైపు చూశాడు. ఏ రోజు కూలి ఆ రోజు పొయ్యిలోకి పోయే మనుషులు. "నీ కష్టం నాకు తెల్వదా? కానీ పోయిన ఎండకాలం మమ్ముల బతికించింది ఈ మాలే. ఇయ్యాల నేనెట్ల వద్దంట?"

"మంచిది. మరి ఓ బయటి షావుకారు పరాయి హమాలీలను తోలుకొచ్చిన దినం యాదికుందా? సగం కూలికే మోస్తమన్నరు వాళ్ళు. సేట్లకు చౌకనే గదా? ఆ దినం ఇదే గేటుకాడ నువ్వు అడ్డం పండుకోలేదా? హళ్ళిఖేడ్ కెళ్ళి నేను రొట్టెలు కట్టుకొని రాలేదా?"

నిజమే. వచ్చినవాళ్ళూ ఎముకలు తేలిన మనుషులే. వాళ్ళను వచ్చిన లారీలోనే తిప్పి పంపించి, గెలిచామని ఆ సాయంత్రం డప్పు కూడా కొట్టారు. పీరప్ప తెచ్చిన జొన్నరొట్టెల్లో వెల్లుల్లి కారం ఎంత బాగుందో ఏసప్ప ఇప్పటికీ చెప్పగలడు. ఆ తిరిగిపోయినవాళ్ళు ఏం తిన్నారో మాత్రం ఏనాడూ అనుకోలేదు.

ఏసప్ప రుమాలు తలకు చుట్టుకుని లారీ వెనక్కి నడిచాడు. మొదటి బస్తా ముకద్దం భుజానికే కదా. పీరప్ప చూస్తుండగానే ఓడ కందుల బస్తా ఆ వంకర భుజం మీద కూర్చుంది. పీరప్ప అరవలేదు. "ఈ ఏడు పండుగకు నా బస్తా కోసం చర్చి గేటుకాడ నిలబడకు బావా" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఎలీసబెతు పోట్లాడలేదు. "దించినవా?" అని అడిగింది.

"దించిన."

"వాడు తిన్నడా?"

ఏసప్ప ఆ సంగతి అడగలేదు.

"నువ్వు పండుకున్న దినం వాడు రొట్టెలు తెచ్చిండు. వాడు కూసున్న దినం తిన్నవా అని గూడ అడగలేదా నువ్వు?" అని లోపలికి వెళ్ళింది. ఆ మాట ఏసప్ప గుండెలో ముల్లులా దిగింది. లారీ దించినందుకు అతనికి పశ్చాత్తాపం లేదు. అన్నం మాట అడగనందుకే తల ఎత్తలేకపోయాడు.

పండుగ దగ్గర పడింది. పెళ్ళయినప్పటినుంచి ఒక్క ఏడు కూడా వట్టి భుజంతో లోపలికి వెళ్ళి ఎరగడు. ఏ రైతునన్నా అడుగుదామంటే, తను ఆ లారీలు దించడం చూడని రైతు లేడు. చివరికి విఠల్‌రావు గోదాముకు వెళ్ళాడు.

"సేటూ, ఒక బస్తా కందులియ్యి. నా కూలిల పట్టుకో."

"లోకల్ మాల్ యాడుంది ఏసప్పా? రైతులు తెస్తలేరు గదా. ఉన్నదంతా ఓడ మాలే. ఎందుకు?"

"పండుగకు. మీ ఇంట్ల పోయినేటి ఖాళీ గోనె ఉంటది గదా, ఎర్ర సిలువది. అది గూడ ఇప్పియ్యి."

విఠల్‌రావుకు సంగతి అర్థమైంది. గడ్డం గోక్కున్నాడు. "దేవునికి తెల్వదా ఏసప్పా?"

"దేవునికి తెలుస్తది సేటూ. మందికి తెల్వకుంటె చాలు."

సిలువ గుర్తున్న బస్తా ఇంటి ముందు దించేసరికి ఎలీసబెతు ముఖం వికసించింది. "వాడు పంపిండా?" అంది. ఏసప్ప తల ఊపాడు. నోటితో అబద్ధం ఆడలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మనిషికి ఇలాంటప్పుడు తెలివి బాగా పనిచేస్తుంది.

పండుగనాడు గేటు నుంచి బలిపీఠం దాకా మోసుకెళ్ళాడు. బరువు ఎప్పటి బరువే ఉంది. అదే అతనికి వింతగా తోచింది. సంఘపెద్ద రాచయ్య గుర్తు చూసి, "హళ్ళిఖేడ్ పీరప్ప చేను ప్రథమ ఫలం!" అని గొంతెత్తి చదివాడు. మా నేలను దీవించిన దేవా, మా వానలను పంపిన దేవా అంటూ అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఒక్కో మాటకూ ఏసప్ప ఇంకాస్త గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. ఆమెన్ అని తెరిచేసరికి గుమ్మంలో పీరప్ప నిలబడి ఉన్నాడు. మోత అలవాటు లేక నడుము వంగిపోయి, తన బస్తా తన భుజానే మోసుకొచ్చాడు. దాని మీదా ఎర్ర సిలువే.

బావ మీద కోపం దేవుడి మీద చూపించకూడదని ఆ తెల్లవారుజామున అతనికి తోచిందట. తీరా వచ్చి చూస్తే తన పేరున బస్తా ముందే వచ్చి కూర్చుంది.

పీరప్ప తన బస్తా దాని పక్కనే దించాడు. "రెండా పీరప్పా? ఈ ఏడు దేవుడు రెండింతలిచ్చిండా?" అన్నాడు రాచయ్య. జనం నవ్వారు. పీరప్ప మొదటి బస్తా మూతి విప్పి పిడికెడు గింజలు తీశాడు. తన చేని గింజ ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పాలా? గింజల వైపు చూశాడు, బావ వైపు చూశాడు. తరవాత పిడికిలి మూసేసి ఊరుకున్నాడు.

అరిచి ఉంటే ఏసప్ప ఎలాగో ఓర్చుకునేవాడు. ఆ ఊరుకోవడమే భరించలేకపోయాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎలీసబెతు లేచి, "ఏందిరా తమ్మీ?" అంది. పీరప్ప తల దించుకున్నాడు.

"ఆ బస్తా పీరప్పది గాదు" అన్నాడు ఏసప్ప. "వానికేం తెల్వదు. సేటు దగ్గర ఓడ కందులు తెచ్చి వాని గోనెల పోసిన. ఖాళీ భుజంతోటి రావడానికి శరమైంది. నాదే తప్పు."

విఠల్‌రావు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. రాచయ్య అయ్యగారి వైపు తిరిగి, "దీన్నేం జెయ్యాలె?" అని అడిగాడు.

"ఎవరి చేనుదో తెలుసా ఏసప్పా?" అన్నారు అయ్యగారు.

"తెల్వదు అయ్యగారూ. ఆఫ్రికా అంటరు."

"బలిపీఠం దాకా వచ్చింది. పాటకు పెట్టుండి" అన్నారు.

ఆవరణలో పీరప్ప బస్తాను ఎప్పటిలాగే విఠల్‌రావు పాడుకున్నాడు, ఎప్పటికంటే గట్టిగానే పాడాడు. రెండోది వచ్చేసరికి గొంతులన్నీ పడిపోయాయి. సగంమంది రైతులు, ఇంటి నిండా కందులున్నవాళ్ళు. సేటు పాడదామంటే అది తన గోదాము సరుకే. రాచయ్య ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. ఎలీసబెతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. మూడోసారి అనబోతుండగా పీరప్ప పాడాడు.

"గేటుకాడ వద్దంటివి, ఈడ కొంటవా?" అన్నారెవరో వెనకనుంచి.

"గేటుకాడ వద్దన్నది లారీని. ఈడున్నది మా అక్క ఇజ్జత్" అన్నాడు పీరప్ప. అతని పిడికిట్లో ఆ గింజలు ఇంకా అలాగే ఉన్నాయి. "సేటూ, ఇవి పండిచ్చినోనికి ఏం ధర ముట్టిందో ఎరుకేనా?"

"బొంబాయి ధర ఎరుక. ఆడిది నాకేం ఎరుక పీరప్పా?"

పీరప్ప గింజలు బస్తాలో వేసి మూతి కట్టాడు. "ఎత్తు బావా. ఇంటికి మోసుకపో. నేనైతే తినను, అక్క వండుకుంటది."

ఏసప్ప ఎత్తుకున్నాడు. ఇద్దరూ చర్చి గేటు దాటారు. అక్కడ పీరప్ప ఆగాడు.

"ఇంక లారీలు వస్తున్నయంట. దించుతవా?"

ఏసప్పకు అబద్ధం ఆడే ఓపిక అయిపోయింది. "దించుతా."

"నేను అడ్డం కూసుంట."

"కూసో. అన్నం టైముకు లోపలికి రా."

"నేను లోపలికి రాను. నువ్వే బయటికి రా."

లారీలు వస్తాయన్న రోజున రైతులు పొద్దున్నే వచ్చి గేటు బయట కూర్చున్నారు. హమాలీలు గేటు లోపల కూర్చున్నారు. మధ్యాహ్నం ఎలీసబెతు రెండు డబ్బాలు పట్టుకుని వచ్చింది. ఏసప్ప లేచి బయటికి వెళ్ళి బామ్మర్ది పక్కన తువ్వాలు మీద కూర్చున్నాడు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ చూస్తూనే ఉన్నారు.

"ఇది నీది తమ్మీ, మన చేను పప్పు. ఇది ఈయనది, ఓడ పప్పు" అంటూ ఎలీసబెతు డబ్బాలు వేరువేరుగా పెట్టింది. "ఎవరు దేనికి కొట్లాడుతున్నరో వాళ్ళు అదే తినుండి." పొద్దున్నే రెండు పొయ్యిలు వెలిగించి రెండు గిన్నెల్లో వండిందట. ఆమె కోపం అలాగే ఉంటుంది, కడుపు మాత్రం మాడ్చదు.

పీరప్ప తన డబ్బాలో రెండు ముద్దలు తిన్నాడు. మూడో రొట్టె ముక్క తుంచి, కాసేపు చేతిలో పట్టుకుని, బావ డబ్బాలో ముంచాడు. మెల్లగా నమిలాడు. ఏసప్ప తినడం ఆపి అతని ముఖంలోకి చూశాడు.

"ఎట్లుందిరా?" అంది ఎలీసబెతు.

"మంచిగనే ఉందక్కా" అన్నాడు పీరప్ప. మింగి, మరోసారి రొట్టె తుంచాడు. "గదే నాకు భయమైతాంది."

ఏసప్ప తన డబ్బాను అతనివైపు జరిపి, అతని డబ్బాను తనవైపు లాక్కున్నాడు. ఇద్దరూ తిన్నారు. హుమ్నాబాద్ రోడ్డు మీద లారీ హారన్ వినిపించింది. పీరప్ప చెయ్యి కడుక్కుని గేటుకు అడ్డంగా తువ్వాలు పరిచాడు. ఏసప్ప లోపలికి వెళ్ళి రుమాలు తలకు చుట్టుకున్నాడు. ఎలీసబెతు ఖాళీ డబ్బాలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని, ఇద్దరూ కనిపించేచోట గోడవార నిలబడింది.